ఆ చేతిది చలువ కాదు

నర్సమ్మ పోయిన సంగతి నాకు చిత్తూరు బస్టాండులో తెలిసింది. పలమనేరు వైపు నుంచి వచ్చిన బస్సు కండక్టరు ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడు. టిక్కెట్ల సంచి చంకలో పెట్టుకుని వచ్చి, "సార్, మీకు తెలిసే ఉంటాది. నర్సమ్మ పొయ్యింది గదా, మొన్న," అన్నాడు. నాకు తెలియదు. తెలిసినట్టు తల ఊపాను. చెనక్కాయలమ్మే వాళ్ల కేకల మధ్య నిలబడి ఆ మాట మొదటిసారి వింటున్నానని ఒప్పుకోవడం నాకు చేతకాలేదు. ఆ బస్సు తిరిగి వెళ్లేటప్పుడు అందులోనే ఎక్కాను. చేరేసరికి అంతా అయిపోయింది. జ్వరమని పడుకుందట, లేవలేదట. ఆమె ఉండిన పోర్షన్ తలుపుకు తాళం వేసి ఉంది. గోడకు ఆనించిన సైకిలుకు మాత్రం ఎవరూ తాళం వేయలేదు.

ఆస్పత్రి ఆవరణలో సంతాపసభ పెట్టారు. ఒకాయన లేచి సేవామూర్తి అన్నాడు. ఇంకొకాయన దేవత అన్నాడు. నాకు ఈ మాటలంటే ఒళ్లు మంట. దేవతకు జీతం పెంచనక్కర్లేదు, సెలవు ఇవ్వనక్కర్లేదు, చలికి చేతులు కొంకర్లు పోతున్నాయి ఒక జత గ్లౌజులు కొనివ్వండి అని దేవత అడగదు. బతికున్న మనిషికి ఇవ్వాల్సినవి ఎగ్గొట్టి, పోయాక దేవతను చేయడం మన దేశంలో అన్నిటికన్నా చౌకైన మర్యాద. ఆమె దేవత కాదు. కాన్పులు చేసే ఉద్యోగి. ఆ ఉద్యోగం బాగా చేసింది. ఈ మాట చాలదా?

మూడో ఆయన లేచి, "ఈ చుట్టుపక్కల పిల్లలంతా నర్సమ్మ చేతి చలువ," అన్నాడు. అందరూ తలలూపారు. ఒకరిద్దరు కళ్లు తుడుచుకున్నారు. ఆయన మనసులో కల్మషం లేదని నాకు తెలుసు. అయినా నాకు లేచి అరవాలనిపించింది: చలువ కాదయ్యా!

మన భాష ఎండల్లో పుట్టిన భాష. అందుకే మనకు మంచిదంతా చల్లనిదే. చల్లగా ఉండు అని దీవిస్తాం. చల్లని తల్లి అంటాం. బిడ్డ కుదురుగా ఉంటే కన్న కడుపు చల్లన అంటాం. ఎవరైనా మేలు చేస్తే వారి చలువ. ఏప్రిల్ నెల తిరుపతిలో చెప్పులు లేకుండా నడిచినవాడికి ఈ మాటల రుచి వేరే చెప్పాలా? కానీ నేను ఎవరి గురించి రాస్తున్నానో ఆమె, కొండ ఎక్కి వెళ్లిన ఒక చలి ఊళ్లో, పనిచేసినన్నాళ్లూ తన చేతుల్లోంచి ఆ చలువను తరిమేయడానికే తంటాలు పడింది. ఆ తంటాల్లో కొన్నింటిని దగ్గరగా చూశాను గనుక ఇది రాస్తున్నాను.

ఊరి పేరు రాయను. పలమనేరుకు దగ్గరే అనుకోండి చాలు. పేరు రాస్తే ఆ ఒక్క ఊరే అట్లాంటిదని తక్కిన ఊళ్లన్నీ గుండెల మీద చేతులేసుకుని నిద్రపోతాయి.

డెబ్బైల మొదట్లో అక్కడి జూనియర్ కాలేజీకి లెక్చరరుగా వెళ్లాను. ఒకే ఇంట్లో రెండు పోర్షన్లు. ఒకటి నాది, ఒకటి ఆమెది. నా కంటే ఏడెనిమిదేళ్లు పెద్దది. ఊరంతా నర్సమ్మ అనేది, నేను అక్కా అనేవాణ్ని. సొంత ఊరు తిరుపతి. నాయన గుడి కొలువులో ఉండిన వైష్ణవుడు. మడి కట్టుకోనిదే మంచినీళ్ల బిందె ముట్టుకోని ఇల్లు. అట్లాంటి ఇంట్లో పుట్టి, మంత్రసాని పని మనకెందుకని ఇంటిల్లిపాదీ ఏడుస్తుంటే ట్రైనింగు చేసి ఈ కొండమీదికి వచ్చింది. పెళ్లి గురించి ఎవరైనా కదిలిస్తే, "నా సైకిలుకు క్యారియర్ ఒకటేనమ్మా. దాని మీద సంచి ఉండాది," అనేది. అడిగినవాళ్లు రెండోసారి అడగలేదు.

ఆ సైకిలు మీదే చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగేది. ఆ రోజుల్లో ఆ దారుల్లో సైకిలెక్కిన ఆడమనిషి ఆమె ఒక్కతే. కానీ సైకిలు తొక్కడం ఆమెకు గొప్ప కాదు, బాధా కాదు. బాధంతా చేతులది.

"మా తిరుపతిలో సలంటే ధనుర్మాసంలో తలకు పోసుకునేటప్పుడు ఒక చెంబు సేపు. ఈడ ఎముకల్లో కాపరం పెట్టేసినాదప్పా," అని మొదటి ఏడాదే నాతో అంది. కార్తీకం దాటిందంటే ఆ మెట్ట మీద తెల్లవారుజామున మంచు పొగలా కమ్ముకుంటుంది. చెరుకు తోటల మధ్య బాటలో ఎదురుగాలి. ఇనుప బ్రేకు పిడులు పట్టుకుంటే వేళ్లు అంటుకుపోతాయా అన్నట్టు ఉంటాయి. అట్లా పోయి, ఒక నిండు గర్భిణి పొట్ట మీద చెయ్యి వేసిందట. ఆ పిల్ల అదిరిపడింది. పొట్ట బిగుసుకుపోయింది. లోపల బిడ్డ తల ఎటువైపుందో చేతికి అందలేదు.

"నా చేతికి భయపడినాదప్పా ఆ పిల్ల," అంది అక్క. "నొప్పికి కాదు. నా చేతికి."

"అక్కడ వేడినీళ్లు ఉంటాయి కదక్కా? కడుక్కుంటే పోతుంది."

"పైతోలు ఎచ్చబడతాది. లోపలిది లోపలే ఉంటాది. సలిని చేతిలోకి రానిచ్చినాక తరుముతానంటే పోదు. దోవలోనే ఆపాల."

అట్లా మొదలైంది గ్లౌజుల వెతుకులాట. ఊళ్లో ఆ వస్తువు దొరకదు. దాని పేరూ చాలామందికి తెలియదు. ముందు నా పాత సాక్సులు తొడుక్కుని చూసింది. బ్రేకు మీద పట్టు జారింది, బెల్లు కొట్టడానికి బొటనవేలు తిరగలేదు. బడిపిల్లలు వెంటబడి, "నర్సమ్మ చేతులకు సాక్సులేసినాదిరా, రేపు కాళ్లకు గాజులేస్తాది," అని అరిచారు. "గాజులు మీ అమ్మ కాడ అడిగి తెస్తాలే!" అని తొక్కుకుంటూ పోయింది. తర్వాత మిలిటరీ నుంచి వచ్చేసిన ఒకాయన తన తోలు గ్లౌజులు ఇచ్చాడు. గాలి దూరదు, నిజమే. కానీ వేళ్లు పెద్దవి, లోపల అక్క వేళ్లు పెద్ద ఇల్లు అద్దెకు తీసుకున్నట్టు తిరిగేవి. మంచుకు తడిసి ఆరితే అట్టలా బిగిసేవి. వాటితో బ్రేకు పట్టుకుంటే పట్టుకున్నామో లేదో తెలిసేది కాదు. ఒక వంపులో నేరుగా చెరుకుతోటలోకి పోయింది.

"బ్రేకు వేలికి తెలియాల. సలి మాత్రం తెలియకూడదు. అట్లాంటిది యాడన్నా ఉంటాదా?" అని నన్ను అడిగింది. "మీటింగులని ఊళ్లు తిరుగుతా ఉంటావు గదా, ఒక జత చూసి తేరాదా? లోకాన్ని మార్చినాక తెస్తానంటే అంతదాకా నా వేళ్లు ఆగవప్పా."

ఆమె మాటల్లో నా రాజకీయాలకు ఎప్పుడూ ఇంతకన్నా ఎక్కువ చోటుండేది కాదు. నేను కోప్పడేవాణ్ని. ఆమె కాఫీ ఇచ్చేది.

చివరికి ఆమె తల్లిని చూడటానికి తిరుపతి వెళ్లినప్పుడు, నేనూ అక్కడ ఒక సభకు వెళ్లి ఉండటంతో, ఇద్దరం కలిసి స్వెట్టర్ల అంగళ్లకు పోయాం. చలికాలం వస్తే టిబెట్ వాళ్లు వచ్చి రోడ్డు పక్కన తాళ్లు కట్టి ఉన్ని బట్టలు వేలాడదీసేవాళ్లు. అక్క ఒక గ్లౌజు తొడుక్కుని, అరచెయ్యి నోటి దగ్గర పెట్టుకుని ఊదింది.

"అక్కా, నంబర్ వన్ ఊలు," అంది అమ్మే ఆమె. ఆమెకు వచ్చిన తెలుగు అంతే.

"నంబర్ వన్ అయితే నా ఊపిరి చేతికి ఎట్ల తగులుతా ఉండాదమ్మా? ఊపిరే ఆగనిది గాలి ఆగుతాదా?"

పది జతలు ఊదింది. నేను సిగ్గుతో రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాను. చివరికి ఒకటి నచ్చింది. ముదురు కాఫీ రంగు, దగ్గర అల్లిక, మణికట్టు దాటి పైకి వచ్చేది. అంతటితో అయిందనుకున్నాను. అక్క పక్కనే స్టాండు వేసి ఉన్న ఎవరిదో సైకిలు దగ్గరికి పోయి, గ్లౌజులతో బ్రేకులు నొక్కడం మొదలుపెట్టింది.

టీ తాగుతున్న సైకిలు ఆసామి గ్లాసు పట్టుకునే పరిగెత్తుకొచ్చాడు. "ఏమ్మా! ఏమ్మా! నా సైకిలుతో ఏం పని నీకు?"

"బ్రేకు చూస్తా ఉండానప్పా. నీ ఎనక బ్రేకు పట్టడంలేదు. కపిలతీర్థం కాడ దిగుడులో బద్రం."

ఆయన బ్రేకు నొక్కి చూసుకున్నాడు. నిజంగానే పట్టడంలేదు. "ఎవరు సార్ ఈమె?" అని నన్ను అడిగాడు.

తన చేతికన్నా ఒక సైజు పెద్దదే తీసుకుంది. ఎందుకని అడిగితే, "బిగుతు తొడుగు సలికి సుట్టం. లోపల కొంచెం గాలి ఆడాల, ఆ గాలే నా చేతికి కంబళి," అంది. మణికట్టు ఎందుకు కప్పాలంటే, "సలి వేళ్ల మీద కూర్చుంటాది గానీ వచ్చేది మణికట్టు నించేనప్పా," అంది. ఇవన్నీ ఆమె ఎక్కడా చదివినవి కావు, ఎవరికీ పాఠంగా చెప్పినవీ కావు. కాఫీ ఆరేలోపల గోడ మీదుగా పడేసిన మాటలు. నేను ఏరుకున్నాను.

ఆ ఉన్ని గ్లౌజుల్లో కూడా ఎదురుగాలికి వేళ్ల వెనకవైపు చల్లబడేది. అప్పుడు నేను వ్యాసాలు రాసే పత్రిక అక్కరకు వచ్చింది. నెలనెలా ఒక కాపీ ఆమెకు ఇచ్చేవాణ్ని, చదివి అభిప్రాయం చెప్పమని. ఒక పొద్దున చూద్దునుగదా, నా వ్యాసం ఉన్న పేజీని మడిచి, గ్లౌజు లోపల వేళ్ల కణుపుల మీదికి సర్దుకుంటోంది.

"అక్కా! అది నా వ్యాసం!"

"తెలుసప్పా. మొత్తంలో ఇదే బాగా ఎచ్చగుండాది."

ఎందరో సంపాదకులు నా రాతల గురించి ఏవేవో అన్నారు. ఇంతకన్నా నిజమైన మెప్పు నాకు రాలేదు.

పొద్దున బయల్దేరే ముందు గ్లౌజులు నీళ్లకాగు మూత మీద పరిచి వెచ్చబెట్టుకునేది. చేతులూ అక్కడే కాచుకుని, వేడి ఉండగానే తొడుక్కునేది. "చెయ్యి సల్లబడినాక తొడుక్కుంటే, సలిని మూటగట్టుకొని పోయినట్టే," అనేది. ఆ తర్వాత సైకిలు స్టాండు తన్నిన చప్పుడు. గేటు కిర్రుమనడం. ఆ రెండు చప్పుళ్లతో నాకు చాలా ఏళ్లు తెల్లవారింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

ఆ ఊరికి ఎడంగా, బెల్లం గానుగ దాటాక, ఒక వాడ. సర్కారు కాగితాల్లో దానికొక మెత్తటి పేరుండేది. ఊళ్లో వాళ్లు పిలిచే పేరు ఇంకొకటి. నాకు రెండూ రాయబుద్ధి కాదు. ఆ వాడ నుంచి ఒక చలి పొద్దున ఒకతను వగరుస్తూ వచ్చాడు. "అమ్మా, నా పెండ్లానికి నొప్పులు మొదలైనాయి. పోయినసారి మాదిరి అయితే మనిషి గూడా దక్కదమ్మా."

పోయినసారి కాన్పులో బిడ్డ అడ్డం తిరిగి చనిపోయింది. అక్కకు అది తెలుసు. వెంటనే బయల్దేరింది. ఆమె సైకిలు క్యారియర్ స్ప్రింగు విరిగి ఉండటంతో పనిముట్ల సంచి నా సైకిలుకు కట్టుకుని నేనూ వెంట వెళ్లాను. అతను అక్క వెనకే పరిగెత్తాడు. దారిపొడవునా మంచు. గానుగ దగ్గర పొయ్యి వెలుగు తప్ప ఇంకేమీ కనిపించలేదు.

గుడిసె ముందు అతని తల్లి నిలబడి ఉంది. ముసలామె. లోపలి నుంచి మూలుగు వినబడుతోంది. అక్క దిగి స్టాండు వేసింది. ముసలామె ఆమె ముఖం చూడలేదు. చేతులు చూసింది.

"తొడుగులేసుకోని వస్తివా తల్లీ?"

అక్కకు అర్థం కాలేదు. "సలి గదవ్వా," అంది.

"సలి మాకూ ఉండాదిలే. మమ్మల్ని ముట్టుకోవాల్నంటే మధ్యన గుడ్డ గావాల్న? గుడి అయ్యోర్ల బిడ్డవంట గదా, మడి చెడిపోతాదని ఏసుకుంటివా?"

మీకు ఇది వింతగా అనిపిస్తే, మీరు ఆ ముసలామె బతుకు బతకలేదన్నమాట. ఊళ్లో అంగడివాడు ఆమె దోసిట్లోకి ఉప్పు పైనుంచి వదిలేవాడు, చెయ్యి తగలకుండా. కూలి ఇచ్చే ఇల్లాలు గడప మీద పెట్టి వెనక్కి జరిగేది. పుట్టింది మొదలు తన చేతికీ ఇంకో చేతికీ మధ్య ఏదో ఒకటి అడ్డం ఉండటమే ఆమె చూసింది. ఒక ఆకు, ఒక చేట, ఏమీ లేకపోతే జానెడు గాలి. ఇప్పుడు తిరుపతి నుంచి ఉన్నితో అల్లినది కూడా వచ్చింది.

నేను ముందుకు వచ్చాను. "అవ్వా, నువ్వు పొరబడ్డావు. ఈమె అట్లాంటి మనిషి కాదు. అంటరానితనం అనేది..."

"నువ్వు గమ్మునుండప్పా," అంది అక్క, నా వైపు చూడకుండానే. "ఇది మీటింగు కాదు."

"మా మంత్రసాని వస్తా ఉండాది. ఆమె చూసుకుంటాదిలే. మీరు పోండి తల్లీ," అంది ముసలామె.

కొడుకు అరిచాడు. "ఏందిమా నువ్వు! పోయినసారి ఏమాయనో మర్సిపోతివా?"

"మర్సిపోలేదురా! ఆ పొద్దు వచ్చినోడు ఈడ్నే, ఈ గడప కాడ్నే నిలబడి మందు రాసిచ్చి పాయ గదా. నా కోడల్ని ముట్టుకొని సూసినాడా? సూసుంటే బిడ్డ అడ్డంగా ఉండాదని తెలిసుండదా? వీళ్లు ముట్టుకోరు. ముట్టుకోనోళ్లు వచ్చేదెందుకు?"

లోపల మూలుగు కేక అయింది. అక్క గ్లౌజులు లాగి హ్యాండిల్ మీద పడేసింది. ముసలామె ఎదురుగా, మట్టిలో గొంతుక్కూర్చుంది. రెండు చేతులూ చాచింది.

"తీసేసినా. ఇప్పుడు పట్టుకొని చూడు."

ముసలామె చేతులు కొంగులోకి వెళ్లిపోయాయి.

"చూడవ్వా. తీసిన కాసేపటికే చేతులు మళ్లీ సల్లబడిపోతా ఉండాయి. ఈ చేతులతో నీ కోడల్ని పట్టుకుంటే దాని కడుపు రాయి మాదిరి బిగుసుకుంటాది. బిడ్డ ఎట్ల తిరిగుండాదో నాకు దొరకదు. అందుకే ఏసుకొని వచ్చినా. నువ్వు వాటిని వొద్దంటే వొద్దు. అయితే నువ్వే ఎచ్చజేసి పంపియ్యాల. లేదంటావా, నేను ఈడ్నే కూర్చుంటా. నా సలితో నేనుంటా, నీ కోపంతో నువ్వుండు. లోపల బిడ్డ మాత్రం మనిద్దరి కోసరం ఆగదు."

అక్క చేతులు ఆ మంచులో అట్లాగే చాచి ఉన్నాయి. ముసలామె కొడుకు వైపు చూసింది. నా వైపు చూసింది. ఆ చూపులో అనుమానం కంటే భయం ఎక్కువ. ఒక వైష్ణవుల ఆడమనిషి చేతులు తన చేతుల్లోకి తీసుకోవడం ఆమె బతుకులో లేని పని. ఎవరైనా చూస్తే తన్నులు ఎవరికి పడతాయో ఆమెకు తెలుసు. మనకూ తెలుసు.

కొంగులోంచి చేతులు బయటికి వచ్చాయి. పట్టుకుంది.

"అమ్మో! ఏందమ్మా ఇది, బాయిలో రాళ్ల మాదిరి ఉండాయి!"

వెంటనే రుద్దడం మొదలుపెట్టింది. గరుకు అరచేతులతో గరగర రుద్దుతూ, మధ్యలో నోటి దగ్గర పెట్టుకుని ఊదుతూ, తిట్టసాగింది. "ఇంత సలిలో వట్టి చేతులతో తిరుగుతారా ఎవురైనా? ఏమన్నా తొడుక్కోని రావొద్దా?"

అక్క ఆమె ముఖంలోకి చూసింది. ముసలామెకు తను అన్నదేమిటో అప్పుడు తెలిసింది. ముందు ఎవరు నవ్వారో గుర్తులేదు. కొడుకు బిత్తరపోయి చూస్తున్నాడు. నేను మాత్రం సగంలో ఆగిన నా ఉపన్యాసాన్ని మింగే పనిలో ఉన్నాను.

ఆ తర్వాత అక్క వేడినీళ్లతో, సబ్బుతో మోచేతుల దాకా కడుక్కునే లోపలికి పోయింది. అది ఆమె ఏ ఇంట్లోనైనా చేసే పని. ముసలామె తనే చెంబుతో నీళ్లు పోసింది. ఆ కడుక్కోవడంలో ఆమెకు అవమానం కనిపించలేదు. ముందు చేతులు పట్టుకున్నారు, తర్వాత కడుక్కున్నారు. ఈ వరస మారితే అర్థమంతా మారిపోయేది.

బిడ్డ ఈసారీ అడ్డంగానే ఉందట. నొప్పులు ఆగిన మధ్య మధ్యలో, పొట్ట మెత్తబడినప్పుడల్లా, బయటి నుంచే కొంచెం కొంచెంగా తిప్పిందట. ఆ సంగతి తర్వాత చెప్పింది. నాకు బయట వినబడింది మాత్రం బిడ్డ ఏడుపు. ఆడపిల్ల.

ఇంటికి వస్తూ నేను దీని మీద వ్యాసం రాస్తానన్నాను.

"రాయి. ఆ అవ్వది తప్పని మాత్రం రాయొద్దు."

"తప్పే కదక్కా. మీరు చలికి వేసుకున్నారు. ఆమె ఇంకోటి అనుకుంది."

"ఆమె చూసింది తప్పునేనప్పా. తప్పుగా చూడలేదు."

వారం రోజులు గోడకు ఆ పక్కా ఈ పక్కా నిలబడి వాదించుకున్నాం. ఉద్దేశం మంచిదైనప్పుడు మనిషిని అనుమానించడం అన్యాయం అని నా వాదన. "నీ ఉద్దేశం నీ జోబీలో ఉండాది, నా తొడుగు అందరికీ కనపడతాది," అని ఆమె జవాబు. ఆ వాదనతో నేను ఇవాళ్టికీ పూర్తిగా ఏకీభవించను. ఏకీభవించనని చెప్పడానికి ఇప్పుడు గోడ అవతల ఎవరూ లేరు. ఆ వ్యాసం రెండుసార్లు మొదలుపెట్టాను. రెండుసార్లూ అందులో ముసలామె కన్నా నేనే పెద్దగా కనిపించాను. చించేశాను.

అక్క గ్లౌజులు మానలేదు. మానాలని నేను పట్టుబట్టాను, సూత్రం కోసం. "నీ సూత్రానికి సలెయ్యదప్పా," అంది. వాడ దాకా గ్లౌజులతోనే వెళ్లేది. సందు మొదట్లో దిగి, తీసి, హ్యాండిల్‌కు తగిలించేది. అక్కడ ఏ ఆడమనిషి ఎదురైతే ఆమె అక్క చేతులు తన చేతుల్లోకి తీసుకుని రుద్దేది. ఆ ముసలామె కోడలు, పక్కింటి ఆమె, నీళ్లకు పోతున్న పిల్ల, ఎవరైనా సరే. ఇది ఎవరూ చెప్పి పెట్టింది కాదు, వాళ్లలో వాళ్లకే అలవాటై పోయింది. ఆచారాలంటే నాకు పడదని నా రాతలు చదివినవాళ్లకు తెలుసు. ఈ ఒక్క ఆచారానికి మాత్రం నేను టోపీ తీస్తాను, నాకు టోపీ లేకపోయినా.

ఊళ్లో ఈ సంగతి పాకకుండా ఉంటుందా? మా ఇంటి ఓనరు భార్య ఒక సాయంత్రం నీళ్ల దగ్గర పట్టుకుంది.

"ఏమ్మా నర్సమ్మా, ఆ వాడకు పోతే గ్లౌజులు తీసేస్తావంట. మా ఈదిలోకి వస్తే తొడుక్కుంటావంట. ఏంది కత?"

"మీ ఈదిలో సలి ఎక్కువమ్మా," అంది అక్క, బిందె ఎత్తుకుంటూ.

ఓనరు భార్య ఆకాశం వైపు చూసింది. నేను తలుపు వెనక్కి పోయి నవ్వుకున్నాను. ఆ మాట ఆమెకు తర్వాతెప్పుడైనా అర్థమైందో లేదో. ఇల్లు ఖాళీ చేయమని మాత్రం అనలేదు. ఆమె కూతురికి అప్పుడు ఏడో నెల.

నన్ను అడిగితే ఈ దేశంలో మనుషులు ఒకరినొకరు ముట్టుకునేలా చేయడానికి చట్టాలు కావాలి, పోరాటాలు కావాలి, అవి లేకుండా ఏదీ మారదు. ఇప్పటికీ అదే అంటాను. ఎవరైనా ఈ కథ తీసుకుపోయి, చూశారా, చట్టం లేకుండా మంచితనంతో ఎంత పని జరిగిందో అని చెబితే ముందు వాళ్లతోనే పోట్లాడతాను. ఊళ్లో అంగడివాడు ఉప్పు పైనుంచి వదలడం ఆ తర్వాత కూడా మానలేదు. అక్క తనవి రెండు చేతులే పెట్టింది. అంతకు మించి ఆమె ఏమీ చెప్పుకోలేదు. నేనూ చెప్పను.

కానీ చలికాలం వస్తే తెల్లవారుజామున మెలకువ వచ్చేస్తుంది. చిత్తూరులో అంత చలి లేదు. స్టాండు తన్నిన చప్పుడు కోసం చెవి వెతుకుతుంది. పక్కింట్లో ఎవరో మోటారు సైకిలు స్టార్ట్ చేస్తారు. అది కాదు. రాస్తున్న వ్యాసంలో ఒక మాట దగ్గర ఆగిపోతాను, ఇది చదివితే అక్క ఏమని ఎగతాళి చేస్తుందో అని. ఎగతాళి చేసే మనిషి లేకపోతే వాదనకు పదును పోతుందని నాకు ఈ మధ్యే తెలుస్తోంది. పోయిన వేసవిలో చూసినప్పుడు ఆమె వేళ్లు బ్రేకు పట్టుకున్నట్టే వంగిపోయి, చాస్తే చాచుకునేవి కావు. "ఇంగ బ్రేకు పట్టుకోవాల్సిన పని లేదు, ఎప్పుడూ పట్టుకొనే ఉండాయి," అని నవ్వింది. చలికాలం మళ్లీ వస్తానని చెప్పి వచ్చాను.

నాకు చిత్తూరు బదిలీ అయి ఆ ఊరు వదిలిన రోజు కూడా మంచు ఉంది. పొద్దున్నే బస్సు. నాకంటే ముందే ఆమెకు పిలుపు వచ్చింది. "పొయ్యి రాప్పా. ఉత్తరాలు రాయొద్దు, అవీ వ్యాసాల మాదిరే రాస్తావు," అని గేటు తీసుకుని వెళ్లిపోయింది. నేను ట్రంకు పెట్టె ఎత్తించి బస్సెక్కాను. గానుగ దాటాక, వాడ మలుపు దగ్గర, బెల్లం బుట్టలు పైకెక్కించుకోవడానికి బస్సు ఆగింది. నేను అరచేత్తో అద్దం తుడిచాను.

సందు మొదట్లో అక్క సైకిలు. దాని పక్కన నలుగురైదుగురు ఆడవాళ్లు, తలల మీదుగా కొంగులు కప్పుకుని, దగ్గర దగ్గరగా మూగి నిలబడ్డారు. అందులో అక్క ఎవరో చీర రంగును బట్టి గుర్తుపట్టాను. ఆమె ఏదో చెబుతోంది, వాళ్లు నవ్వుతున్నారు. నవ్వినప్పుడల్లా మధ్యలోంచి అందరి ఊపిరీ కలిసి ఒకే తెల్లటి ఆవిరిగా పైకి లేస్తోంది. పిలుద్దామని అద్దం దించబోయాను, అది బిగుసుకుని ఉంది. ఆ గుంపు నడుమ చేతులు కదులుతున్నాయి. వాటిలో ఏవి ఎవరివో తెలుసుకోవాలని బస్సు కదిలేదాకా చూశాను. తెలియలేదు.